వెనక సీటు నిమ్మకాయ

మా అత్తగారు పోయారు. తెల్లవారి నేను పొయ్యి మీద పాలు పెడుతుంటే మామగారు వంటింటి గడప దగ్గరకొచ్చి నిలబడ్డారు. "మీ అత్త పోయిందమ్మా" అన్నారు. తలుపు చెక్క పట్టుకొని, "బండి తియ్యాల. తర్లుపాడు పోయి మా అక్కోళ్ళను పిల్చుకరావాల. ఆమెకు బస్సు పడదు" అన్నారు.

పాలు దించి పొయ్యి ఆర్పాను. తాళాలు తీసుకున్నాను. ఎక్కడో ఉన్నవాళ్ళను ఎక్కించుకొని రావడమే మా అత్తగారు బతికినన్నాళ్ళూ చేసిన పని. ఆమె పోయిన రోజు కూడా ఆ పని ఆగలేదు.

మార్కాపురంలో మా వీధికి వచ్చి ఆమె పేరు అడిగితే ఎవరూ చెప్పలేకపోవచ్చు. "పెద్దబండి అక్క" అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. పెద్దబండి అంటే లారీ అనుకునేరు. ఏడుగురు పట్టే ఫ్యామిలీ కారు, తెల్లది, చూడటానికి పెద్ద అందమేం లేదు. ఆ బండిని ఆమె ఎలా నడిపేవారో చెప్పుకుని గర్వపడాలని ఉంది నాకు. అత్తను పొగిడే కోడలు దొరకడమే అపురూపం కాబట్టి మీరు కాస్త ఓపిక పట్టాలి.

మొదలు ఒక అద్దె జీపులో ఉంది. ఆమె కొత్త కోడలిగా వచ్చిన నెలలోనే ఇంటిల్లిపాదీ నంద్యాలకు పెళ్ళికి బయల్దేరారు. మా వైపు బండి ఎక్కడానికి ఒక వరస ఉంటుంది. ముందుసీటు ఇంటి పెద్దాయనది. మధ్య సీటు పెద్దవాళ్ళది. అన్నిటికన్నా వెనక, సామాన్ల మూటల పక్కన కొత్త కోడలు. గిద్దలూరు దాటి దిగువమెట్ట దగ్గర అడవిలోకి దిగగానే మలుపులు మొదలవుతాయి. ఆ డ్రైవరు మలుపులో సగం దాకా వచ్చాక బ్రేకు తొక్కే రకం. వెనకున్న పిల్లకు కడుపులో పేగులు గొంతులోకొచ్చాయి. కానీ కొత్త కోడలు "బండి ఆపండి" అని ఎలా అంటుంది? పళ్ళు బిగబట్టి, పందిరి దాకా ఆపుకుని, దిగీ దిగగానే అందరి ముందూ వాంతి చేసుకుంది.

పెళ్ళివారింట్లో బియ్యం ఏరుతున్న ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఒకామె పరిగెత్తి చింతకాయ తెచ్చి చేతిలో పెట్టింది. ఇంకొకామె నోట్లో చక్కెర పోసింది. వాళ్ళ అత్త, అంటే మేమంతా అవ్వ అని పిలిచే ఆమె, అక్కడికక్కడే మిఠాయి తెప్పించి పంచింది. కాదని చెప్పాలంటే పెద్దవాళ్ళు మాట్లాడిన బండిని తప్పుపట్టినట్టవుతుంది. అందుకని మా అత్తగారు నోరు మూసుకుని చక్కెర చప్పరించారట.

"నెలల తరబడి నా కడుపు దిక్కే చూసినారమ్మా అందరూ" అని చెప్తూ, నవ్వలేక పక్కటెముకలు పట్టుకునేవారు. "ఏమాయెనే అని ఎవరన్నా అడిగితే ఏం చెప్పేది? అది దిగువమెట్ట మలుపుల బిడ్డ, ఆన్నే పుట్టి ఆన్నే పోయిందని చెప్పాల్నా?"

నవ్వుతూనే చెప్పేవారు గానీ, మనసులో ఒకటి గట్టిగా నాటుకుంది. చాలా ఏళ్ళకు, ఇంట్లో కారు కొనే మాట వచ్చినప్పుడు మామగారు చిన్న కారు చాలన్నారు. ఆమె వినలేదు. "చిన్నదైతే ఎవురో ఒకరు ఇంట్లో ఉండిపోవాల. ఆ ఉండిపోయేది ఎవురో నాకు తెలుసు" అన్నారు. పెద్దదే వచ్చింది. నడిపే మనిషి ఎవరని మళ్ళీ చర్చ వస్తే, "నేనే" అన్నారు.

తలలో తెల్లవెంట్రుకలు వచ్చిన వయసులో నేర్చుకున్నారు. చీర కుచ్చిళ్ళు పెడల్‌కు చుట్టుకోకుండా పిన్నీసు పెట్టుకుని, చెప్పులు సీటు కిందికి తోసేసి, వట్టి కాళ్ళతో నడిపేవారు. మొదట్లో వీధిలో నవ్విన మగవాళ్ళే తర్వాత తర్వాత "వదినా, శ్రీశైలం పోవాల, నువ్వు వస్తావా?" అని వచ్చారు. పక్కింటి ముసల్మాను ఆమె, మా అత్తగారి స్నేహితురాలు, ఒకసారి దోర్నాల ఘాటులో పోయి వచ్చి, "నీ బండిలో అయితే ఖురాన్ చదువుకుంటా పోవచ్చు వదినా" అంది. ఘాటురోడ్డులో పుస్తకం తెరిస్తే ఏమవుతుందో తెలిసినవాళ్ళకే ఆ మెప్పు విలువ తెలుస్తుంది. ఆ మాట మా అత్తగారు కనీసం నాకు వందసార్లు చెప్పి ఉంటారు. గొప్ప చెప్పుకోవడంలో నేనేం తక్కువ తినలేదు, ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

నేను ఈ ఇంటికి వచ్చాక మొదటి ప్రయాణం. వరస తెలుసు కాబట్టి నా అంతట నేనే వెనక సీటుకు వంగి ఎక్కబోతున్నాను. ఆమె ముందు తలుపు తీసి, "నువ్విట్ల రా" అన్నారు. అప్పటికి అవ్వ ఇంకా ఉంది. "పెద్దోళ్ళను ఎనక కూచోబెట్టి కోడలిని ముందరనా? ఏంది నీ పెద్దరికం?" అని లేచింది.

"రేపు నడపాల్సింది ఆ పిల్లేలే అత్తా. దోవ సూడనీ" అన్నారు ఈమె, స్టార్టు చేస్తూ. అవ్వ దారి పొడుగునా గొణిగింది, గొణిగీ గొణిగీ హాయిగా నిద్రపోయింది.

నడపడం ఎలా నేర్పారనుకున్నారు? దోవ తెలిశాక కూడా వెంటనే స్టీరింగు ఇవ్వలేదు. చివరి సీట్లో కూర్చోబెట్టి తిప్పారు. స్పీడు బ్రేకరు వస్తే, ముందున్నవాళ్ళకు అయిపోయిందనుకునేసరికి వెనకవాళ్ళకు మొదలవుతుందని నాకు అక్కడే అర్థమైంది. ఆమె మాట ఒకటుండేది. "ఎనక చక్రం దిగిందాకా గుంత దాటినట్టు గాదు." మలుపు రాకముందే వేగం తగ్గించేవారు, మలుపులో బ్రేకు జోలికి పోయేవారు కాదు. మనుషులు నిండుగా ఉంటే బండి ఒకలాగా, ఖాళీగా ఉంటే ఒకలాగా ఒరుగుతుందని, ఎక్కినవాళ్ళను ఒకసారి తేరిపార చూసుకుని గానీ కదిలించేవారు కాదు.

ఆ చివరి సీటు పక్కన గ్లాసు పెట్టుకునే గుంతలో ఎప్పుడూ ఒక నిమ్మకాయ ఉండేది. కడుపులో తిప్పితే గోటితో తొక్క గీరి వాసన చూస్తారు కదా, అందుకు. అయితే మా అత్తగారికి ఆ కాయతో ఇంకో పని ఉంది. ప్రయాణం అయ్యాక అందరూ దిగిపోయి ఇంట్లోకి వెళ్తే, ఆమె వెనక తలుపు తీసి కాయను వెలుతురులో తిప్పి చూసేవారు. "కోడండ్లను ఎట్లుందని అడిగితే బాగుందనే చెప్తారు. కాయ అబద్ధం చెప్పదు" అనేవారు. గోటి గీత ఉంటే ఆ పూట ముభావంగా ఉండేవారు. గీత లేకపోతే కాయను అక్కడే వదిలేసేవారు. ఎండి గోలీకాయైతే, "చూడు, ఎవురికీ పని పడలా" అని ఇంటికొచ్చినవాళ్ళందరికీ చూపించేవారు.

నాకు ఉద్యోగం వచ్చి, రోజూ గిద్దలూరు వెళ్ళి రావాల్సి వచ్చినప్పుడు నేను కొన్న కారు పెద్దబండికి పూర్తిగా వ్యతిరేకం. ఎర్రది, పొట్టిది, నేలకు దగ్గరగా ఉంటుంది, కాలు ఆనిస్తే చాలు దూకుతుంది. స్టీరింగు ఇలా అనేలోపే అలా తిరుగుతుంది. వెనక సీటు పేరుకే ఉంటుంది. అత్తగారు ఏమంటారోనని బెదురుతూ చూపించాను. చుట్టూ ఒకసారి తిరిగి, "మేకపోతు మాదిరి ఉండాదే" అని, తాళానికి చెయ్యి చాపారు.

కొనకనమిట్ల వైపు రోడ్డు ఖాళీగా ఉంది. ఆ రోజు ఆమె నడిపిన తీరు నేను మామగారికి ఇప్పటికీ చెప్పలేదు. పక్కన కూర్చున్న నేను పైన ఉన్న పిడి పట్టుకున్నాను. కందిచేలు రెండు పక్కలా వెనక్కి పరిగెత్తాయి. బండి ఆపి, చెదిరిన ముంగురులు సర్దుకున్నారు. మొహం వెలిగిపోతోంది.

"దీన్ని నడిపితే నాకు నేను గుర్తొస్తినమ్మా. దాన్ని నడిపితే ఎనక కూచున్నోళ్ళు గుర్తొస్తారు" అన్నారు. "రెండూ ఉండాల. అమ్ముకోవాకు దీన్ని."

అంత మెచ్చుకున్నారు గానీ, పెద్దబండి నేను నడిపితే మాత్రం ఒక్కసారీ మంచిమాట అనలేదు. నా కాలికి ఎర్రబండి అలవాటు పట్టుకుందని ఆమె అనుమానం. నేను నడిపిన ప్రతిసారీ కాయ తిప్పి చూసేవారు, గీత కనిపించకపోతే, "ఈరోజు ఎవురూ ఎనక కూచోలేదులే" అనేవారు. ఆమె నోటినుంచి ఒక్క "బాగుంది" వినాలని నాకెంత ఆశగా ఉండేదో చెప్తే నవ్వుతారు. ఆఫీసులో నాకొచ్చిన మెచ్చుకోళ్ళన్నీ ఒక పక్క, అది ఒక పక్క.

జబ్బు చేశాక నంద్యాల ఆసుపత్రికి నేనే తీసుకుపోయేదాన్ని. చివరిసారి వెళ్ళిన రోజు, మధ్య సీటు వాల్చి దిండు వేసి పెట్టాను. ఆమె ఆ దిండు తీసుకుని వెనక్కి నడిచారు. "ఆడ బండి ఎగురుతుంది అత్తా" అన్నాను.

"ఎగరనియ్యి. సూస్తా" అన్నారు.

మామగారు నా పక్కన కూర్చున్నారు. దిగువమెట్ట దాటింది. అద్దంలో ఆమె కనిపిస్తున్నారు, నిమ్మకాయ గుప్పిట్లో పట్టుకుని కిటికీలోంచి అడవిని చూస్తున్నారు. నేను ఆ రోజు నడిపినట్టు జన్మలో నడపలేదు. ప్రతి మలుపుకు ముందే కాలు తీశాను. ప్రతి గుంతకూ వెనక చక్రం దిగేదాకా ఊపిరి వదల్లేదు. కాసేపటికి అద్దంలో తల కనిపించలేదు. పక్కకు తీసి ఆపి, పరిగెత్తి వెనక తలుపు తీశాను. దిండు మీద తల వాల్చి, నోరు కొంచెం తెరుచుకుని, చిన్నగా గురక పెడుతున్నారు.

తలుపు చప్పుడుకు కళ్ళు తెరిచి, "నంద్యాల వచ్చిందా?" అన్నారు.

"లేదత్తా, ఘాటులోనే ఉన్నాం. నిద్రపోయినావు."

"నేనా? మాత్రల మత్తు అది" అని అటు తిరిగి పడుకున్నారు. నాకు ఉక్రోషం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఇంటికొచ్చాక ఆ కాయను తిప్పి చూడటానికి ఆమెకు ఓపిక లేదు. నాకు గుర్తు లేదు. ఆ మర్నాడు మాత్రం పెద్దబండి తాళాలు మామగారి చేత నాకు పంపించారు. ఆ తర్వాత నెలల తరబడి బండి షెడ్డులోనే ఉండిపోయింది.

మళ్ళీ తీసింది ఆమె పోయిన పొద్దుటే. తర్లుపాడులో మామగారి అక్కగారు, వాళ్ళ ఇంటివాళ్ళు ఏడుస్తూ ఎక్కారు. ఆ ఇంటి కొత్త కోడలు ఎవరూ చెప్పకుండానే వంగి చివరి సీటుకు పోయింది. దారిలో నాకు కళ్ళు మసకబారుతుంటే తుడుచుకుంటూ నడిపాను. ఆ పిల్ల ఎలా ఉందోనని అద్దంలో చూస్తూనే ఉన్నాను.

మా ఇంటి ముందు అందరూ దిగి గొల్లుమంటూ లోపలికి వెళ్ళారు. ఆ పిల్ల చివరన దిగి, బెరుగ్గా నా దగ్గరకొచ్చి, "అక్కా, దిండు కింద ఇది ఉన్నింది" అని నా చేతిలో పెట్టింది.

నిమ్మకాయ. ఎండి, నల్లబడి, గోలీకాయంత గట్టిగా ఉంది. ఆ రోజు గుప్పిట్లో పట్టుకున్నదే. లోపల నుంచి ఏడుపులు వినిపిస్తున్నాయి, మామగారు నన్ను పిలుస్తున్నారు. నేను వాకిట్లోనే నిలబడి, ఆమె చూసేవారే, అలాగే ఎండకు ఎత్తి కాయను చుట్టూ తిప్పి చూశాను. ఎక్కడా గోటి గీత లేదు.