బీమా ఉన్న ఇల్లు

మా పెదనాన్న ఎమ్మిగనూరు నేతగాళ్ళకు బీమా నేర్పి వాళ్ళ ఇళ్ళు నిలబెట్టాడని మావాళ్ళు చెప్పే కథ నేను ఒప్పుకోను. పోయిన నెల ఆదోనిలో ఆయన పటానికి దండ వేసిన రోజు, ఆయన కొడుకు మైకు పట్టుకుని మళ్ళీ అదే చెప్పాడు. మగడు పోయిన ఒక నేతామెకు కంపెనీ డబ్బు స్వయంగా తీసుకెళ్ళి చేతిలో పెట్టాడట, ఆమె కాళ్ళ మీద పడిందట. అందరూ చప్పట్లు కొట్టారు. డబ్బు ఇచ్చిన మాట నిజమే. అంతా అబద్ధమైతే నవ్వి ఊరుకునేదాన్ని. నిజంలో తీపి ముక్క మాత్రం కోసి వడ్డించేవాళ్ళంటేనే నాకు ఒళ్ళు మంట.

అవి యాభైల మొదటి సంవత్సరాలు, బీమా కంపెనీలు ఇంకా సర్కారు చేతికి రాలేదు. పెదనాన్నకు ఆదోనిలో పత్తి వ్యాపారం, దాని పక్కన ఒక బీమా ఏజెన్సీ. మా అమ్మమ్మగారిల్లు ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఉండేది. సెలవులకు నేనక్కడ ఉన్నప్పుడు చూసేదాన్ని. ఆయన బస్సు దిగి వచ్చి, మా అరుగునే సభ చేసుకునేవాడు. ఇస్త్రీ కోటు, వక్కపొడి వాసన, చేతిలో ఒక రంగుల పటం. పటంలో తల్లీ తండ్రీ పిల్లలు, వాళ్ళ మీద ఇంత పెద్ద గొడుగు. వానకు మొహం వాచిన ఊరికి గొడుగు బొమ్మ తెచ్చి భయం నేర్పుదామనుకున్నాడు, అదీ ఆయన తెలివి. పటం చాలదనిపిస్తే ఎవరో ఒకరి వైపు వేలు చూపించి, "రేపు పొద్దున నువ్వు సచ్చిపోతే నీ పెండ్లాం బిడ్డలు ఏం తింటారప్పా?" అనేవాడు. నూలు కండెలు చుట్టుకుంటున్న ఆడవాళ్ళు ఒక్కసారి లేచేవాళ్ళు. "పొద్దుపొద్దున్నే ఏం మాటప్పా అది! ముందు నువ్వు పోతే నీ పెండ్లాం ఏం తింటాదో సెప్పు!" అని ఒకామె అరిస్తే వీధంతా నవ్వింది. ఆయన పటాన్ని ఇంకొకరి వైపు తిప్పాడు. పత్తి బేళ్ళకు బీమా చేయించాడు గాని తనకు చేయించుకోలేదని మా పెద్దమ్మ చాలా ఏళ్ళకు చెప్పింది.

ఆ వీధికి ఆపద సంగతి తెలియదనుకోవడం ఆయన అజ్ఞానం. నిలువు పోగుల పడుగు మగ్గం మీద ఉండగా మనిషి మంచాన పడ్డా, పోయినా, ఇంటికొకరు వంతు వేసుకుని ఆ మగ్గం గుంటలో దిగేవాళ్ళు. పడుగు అయిపోయేదాకా నేసిపెట్టేవాళ్ళు. కూలి ఆ ఇంటికే. ఇది విని పెదనాన్న పెదవి విరిచాడు. "అది బిచ్చం, ఇది హక్కు" అన్నాడు. ఆ మాటకు పడిపోయి పాలసీ తీసుకుంది మా ఎదురింటి అన్న ఒక్కడే. తన వయసెంతో అతనికి తెలియకపోతే, పెదనాన్న మీసం చూసి ముప్పై రెండని రాసుకున్నాడు. ఆ తర్వాత అన్న టెక్కు చూడాలి! వంతుకు పిలిస్తే, "నేను ఎవురింటికీ రాను, నా ఇంటికి ఎవురూ రావద్దు. నాకు కంపెనీ ఉండాది" అనేవాడు. వీధి మూతి ముడుచుకుంది.

మరుసటి ఎండాకాలం వాంతులు పట్టుకుని అన్న పోయాడు. మగ్గం మీద పడుగు సగం కూడా నేయలేదు. నూలు సావుకారిది. వదిన పసిబిడ్డ తల్లి, ఆమెకు కండెలు చుట్టడమే వచ్చు. దినాలు కాగానే, అన్న టెక్కును మరిచిపోయి, వీధి మగవాళ్ళు కొందరు వంతులు మాట్లాడుకుని గుమ్మం ముందుకు వచ్చారు. అప్పటికే పరామర్శకు వచ్చి ఉన్న పెదనాన్న గడపలో నిలబడి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఈ ఇంటికి బీమా ఉండాది. మీ దయ అక్కర్లేదు, పోండప్పా. బీమా అంటే ఏందో వీధంతా సూడనీ" అన్నాడు. లోపలినుంచి వదిన, "రానీప్పా వాళ్ళను, పడుగు సెడిపోతాది" అంది. ఆయన వినిపించుకోలేదు. వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సరేలేప్పా, కంపెనీవోళ్ళే వచ్చి నేస్తారు" అని ఒకడు తువ్వాలు దులిపి వెనక్కి తిరిగాడు. మిగతావాళ్ళు అతని వెనకాలే. తర్వాత మా అమ్మమ్మ వెళ్ళి అడిగినా, "ఆయమ్మకు కంపెనీ ఉండాది కదమ్మా" అన్నారు.

కంపెనీ వయసుకు రుజువు అడిగింది. మీసం రుజువు కాదట. ఆ ఉత్తరప్రత్యుత్తరాలు సాగుతుండగా, గంజి పట్టిన పడుగును ఎలుకలు కొరికేశాయి. సావుకారు నూలు ఖరీదు కింద మగ్గం విప్పించుకుపోయాడు. వదిన బిడ్డను తీసుకుని ఆదోనిలో పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లుకు కూలికి పోయింది. రెండో దసరా దాటాక డబ్బు వచ్చింది. పెదనాన్న దాన్ని మిల్లు గేటు దగ్గర ఇచ్చాడు. ఆయన వెంట వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. ఆమె ఎవరి కాళ్ళ మీదా పడలేదు. "దీన్ని ఆ వంతులోళ్ళకు సూపించప్పా, ఇప్పుడన్నా వస్తారేమో" అంది. అని, కొంగున కట్టుకుని లోపలికి పోయింది. కట్టుకోక ఏం చేస్తుంది?

బీమా మంచిదే, నాకూ ఉంది. పెదనాన్న మీద కోపం కూడా పాతబడింది. అమ్ముకోవడానికి వచ్చినవాడు, అమ్ముకున్నాడు. ఆ పొద్దు వెనక్కి తిరిగినవాళ్ళలో ఇప్పుడు ఒకాయనే మిగిలాడు, ఆయనకూ చెవుడు. మనం ధైర్యం తెచ్చుకునేలోపల కాలం అడగవలసినవాళ్ళను ఒక్కొక్కరినే తీసుకుపోతుంది. అయినా అడుగుతాను: పొరుగూరినుంచి వచ్చిన ఒక ఏజెంటు మాట నిజంగా నమ్మి తిరిగిపోయారా, లేక వంతు తప్పింది, హమ్మయ్య అనుకుని పోయారా?