ఏటిగట్టు దగ్గర తేలిన వాదం

నేను అమలాపురం కాలేజీలో తర్కశాస్త్రం చెబుతాను. ఆ ఏడు గోదావరి పెరుగుతోందని తెలిసి, అక్కనీ బావగారినీ తీసుకొచ్చేద్దామని పి.గన్నవరం దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళాను. ఏటిగట్టుకు ఇవతల, కొబ్బరితోటలో ఇల్లు. వాన వెలిసింది. ఆకు కదలడం లేదు. పాకలో ఆవు మేత ముట్టకుండా గట్టువైపే చూస్తోంది.

బావగారు అరుగు మీంచి లేవలేదు.

"మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తేగానీ మన ఊళ్ళోకి నీరు రాదండీ. ఇంకా రెండోదే ఉంది. కాబట్టి రాదు. మీరు చెప్పే పాఠం ఇదే కదండీ మేష్టారూ?"

అదే. వాదం అల్లికలో లోపం లేదు. ఆ రెండు మాటలూ నిజమైతే మూడోది నిజం కాక తప్పదు. కానీ అల్లిక ఎంత బాగున్నా, ఆ రెండు మాటలూ నిజమో కాదో అది చెప్పదు. అవి బయటికెళ్ళి చూడాల్సినవి.

"రెండో మాట టీవీలో చెప్పేరు. మొదటి మాట ఎవరు చెప్పేరు బావగారూ?"

"ఎవరో చెప్పాలా అండీ? చిన్నప్పట్నుంచీ చూస్తన్నదే!"

లోపల్నుంచి అక్క చెంబు పట్టుకొచ్చింది.

"ఈయన వినట్లేదురా. పొద్దుట్నుంచీ నూతిలో నీళ్ళు వరద గోదారిలా ఎర్రగా వస్తన్నాయి."

బావగారు చెంబులోకి చూశారు. అరుగు దిగి గట్టువైపు నడిచారు. నేనూ వెంట వెళ్ళాను.

గట్టుకు ఇవతల, దాని అడుగున, నీరు బుడబుడమంటూ ఊరుతోంది. దాంతోపాటే ఇసుకా వస్తోంది. పక్కన ఎవరో చేపల చెరువుకి గట్టు మట్టి తవ్వుకుపోయిన చోటు పచ్చిగా కనిపిస్తోంది. బావగారు వంగి చెయ్యి పెట్టారు. మట్టి వేళ్ళ మధ్యనుంచి జారిపోయింది.

"ఇది నా చిన్నప్పటి గట్టు కాదండీ," అన్నారు మెల్లగా. ఆ వెంటనే వెనక్కి తిరిగి, "లేవండి, లేవండి! గట్టుకి బుంగ పడింది!" అని కేకలేస్తూ ఊళ్ళోకి పరిగెత్తారు.

పశువుల్ని విప్పేశాం. కట్టుబట్టలతో అందరం మెరక మీదున్న బడికి చేరాం. పొద్దు వాలకముందే గండి పడింది. ఆ చప్పుడుకి పిల్లలు సైతం ఏడుపు ఆపేశారు. అప్పటికీ ఫోన్లలో వార్తలు రెండో హెచ్చరికే అంటున్నాయి.

బడి మేడ కిటికీలోంచి చూస్తే ఊరు లేదు. కొబ్బరి తలలున్నాయి.

"మనిల్లు ఎక్కడండీ?" అంది అక్క.

బావగారు చెట్లను బట్టి ఆనవాలు వెతికారు. ఒకచోట వేలు చూపించబోయి, చెయ్యి దించేసుకున్నారు.