అక్షింతల పురుగు కోసం కొట్టిన ఫ్లాష్

కోత పండుగ నాడు మా క్రైస్తవ మందిరంలో బలిపీఠం ముందు నేల కనపడదు. జొన్న కంకులు, కంది కొమ్మలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి అక్కడ పెడతారు. ఆరాధన అయ్యాక వాటికి వేలం జరుగుతుంది. పంటతో పాటు పొలంలోని పురుగులు కూడా వస్తాయి. ఆ రోజు చేతిసంచిలో కెమెరా పెట్టుకొని వెళ్లింది వాటి కోసమే.

నేను ఉండేది వికారాబాద్‌లో, పాఠం చెప్పేది తాండూరు బడిలో. రోజూ రైలు ప్రయాణం. ఆదివారాలు మందిరంలో పిల్లలకు వాక్యం నేర్పిస్తాను. దేవుడు చీమ కాలికి కూడా కీలు పెట్టాడని నోటితో చెప్తే పిల్లలు ఆవలిస్తారు. అదే గోడ మీద పెద్దగా చూపిస్తే నోరు తెరిచి చూస్తారు. అందుకే పురుగుల ఫొటోలు మొదలుపెట్టాను.

మొదట్లో అన్నీ చీకటిగానో మసకగానో వచ్చేవి. అంత దగ్గర నుంచి తీస్తే కెమెరా నీడే పురుగు మీద పడుతుంది. తలా తోకా రెండూ స్పష్టంగా రావాలంటే లెన్స్ లోపలి రంధ్రాన్ని బాగా చిన్నది చెయ్యాలి. అప్పుడు ఉన్న వెలుతురు కూడా లోపలికి పోదు. ఫ్లాష్ కొనక తప్పదని తేలింది కానీ ఏది కొనాలో తేలలేదు. లెన్స్ చుట్టూ గుండ్రంగా బిగించేదా, ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న దీపమా, పెళ్లిళ్లలో వాడే పెద్ద ఫ్లాషా? తాండూరులో పెళ్లి ఫొటోలు తీసే ఒకాయన దుకాణంలో మూడూ ముందు పెట్టించుకొని కూర్చున్నాను.

"గుండ్రటిది వద్దు మేడం, పురుగు కండ్లల్ల ఉంగరం లెక్క కొడ్తది. గా చిన్న దీపం చాలదు, పురుగు కదిల్తే ఫొటో గాయబ్. పెద్దదే తీస్కోండ్రి. కానీ వట్టిగ కొట్టకుండ్రి, ముందల తెల్లటిదేదన్న అడ్డం పెట్టుండ్రి. లేకుంటే మెరిసేటి పురుగు మీద తెల్ల మచ్చ పడ్తది."

"ఏం పెట్టాలి?"

"పెరుగు డబ్బా ఉన్నదా ఇంట్ల?" అని నవ్వాడు.

నవ్వులాటకు అన్నాడేమో గానీ ఆ మాటే పనికొచ్చింది. పెరుగు డబ్బా కోసి, ఫ్లాష్ మూతికి టేపుతో అంటించాను. వెలుగు మెత్తబడింది. పెరట్లో గొంగళిపురుగు నూగు ఒక్కొక్క పోగూ విడిగా వచ్చింది.

పండుగ రోజు ఆ డబ్బా ఇంట్లోనే వదిలేశాను. తెల్ల పట్టుచీర కట్టుకొని ముందు వరుసలో కూర్చొని వాక్యభాగం చదవాల్సినదాన్ని, అందరి ముందూ పెరుగు డబ్బా బయటికి తీయడానికి సిగ్గుపడ్డాను.

ప్రసంగం అయ్యాక పాస్టరు అయ్యగారు అందరినీ తలలు వంచి మౌనంగా ప్రార్థించమన్నారు. నేనూ కొంగు తల మీదికి లాక్కున్నాను. కళ్లు మూయబోతుంటే ఎదురుగా కంది ఆకు మీద అక్షింతల పురుగు కనిపించింది. ఎర్రగా, వీపు మీద నల్ల చుక్కలతో, నిగనిగలాడుతూ, కదలకుండా. అందరి కళ్లూ మూసి ఉన్నాయి, ఎవరు చూస్తారు? ప్రార్థనలో కళ్లు తెరవొద్దని పిల్లలకు చెప్పే మనిషిని, ఒడిలోని సంచిలోంచి కెమెరా తీసి నొక్కాను.

ఇంత వెలుగు వస్తుందనుకోలేదు. మందిరమంతా ఒక్కసారి తెల్లబడింది. ఒకరిద్దరు కదిలారు. పండుగకు ఫొటోలు తీసేవాళ్లు ఉండనే ఉంటారు కనుక ఎవరూ పట్టించుకోలేదు. కెమెరా సంచిలో కుక్కేసి కళ్లు మూసుకున్నాను.

తర్వాత దేవుడు తమకు చేసిన మేలు గురించి లేచి సాక్ష్యాలు చెప్పే సమయం. కంది కొమ్మల పక్కనే చాప మీద కూర్చున్న ఒక పెద్దమ్మ చేయి నేలకు ఆనించి లేచింది. మోమిన్‌పేట్ నుంచి బస్సులో వస్తుంది. ఎడమ కంట్లో పొర కమ్మి చాలాకాలమైంది.

"మంచి కన్ను మీద చెయ్యి పెట్టుకొని, చెడిన కన్ను కోసం ప్రార్థన చేస్తున్న," అంది. "ఒక్కసారే వెలుగొచ్చింది. గింత వెలుగు నేనెన్నడు చూడలే. దేవుడు నా కన్ను ముట్టిండు."

మందిరం దద్దరిల్లేలా హల్లెలూయ అన్నారు. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఆమేన్ అన్న గొంతు నాదే. నోటికి అలవాటైన మాట, అడగకుండానే వచ్చేసింది.

బయట వేలంపాట జరుగుతుంటే ఆమె కోడలు నన్ను పక్కకు పిలిచింది. "టీచరమ్మా, వచ్చే వారం ఆపరేషన్‌కు రమ్మన్నరు. ఇంక ముదిరితే కష్టమన్నడు డాక్టర్. ఇప్పుడు ఈమె రానంటున్నది. దేవుడే ముట్టినంక కత్తి ఎందుకంటది. మీ మాటైతే ఇంటది, జర చెప్పుండ్రి."

"ప్రార్థన చేస్తాను," అన్నాను.

ఆ మాట అని తప్పించుకున్నాను. ఆ రాత్రి ప్రార్థనకు మోకరించి కూడా ఏం అడగాలో తెలియలేదు. ఏం చేయాలో ముందే తెలుసు కదా. మర్నాడు తాండూరు వెళ్తూ రైల్లో పిల్లల పరీక్ష పేపర్లు ముందు పెట్టుకొని ఒక్కటీ దిద్దలేదు. ఫొటో ఎలా వచ్చిందో చూసే ధైర్యం లేక కెమెరా కూడా తెరవలేదు.

బడి నుంచి వచ్చి నేరుగా మోమిన్‌పేట్ బస్సెక్కాను. పెద్దమ్మ అరుగు మీద కంది పప్పు చెరుగుతోంది. మందిరంలో వచ్చిన ఆ వెలుగు నా ఫ్లాష్‌దేనని చెప్పాను. నమ్మలేదు.

"నువ్వు సదువుకున్నదానివి, గట్లనే అంటవు బిడ్డా."

ఫ్లాష్ తీసి చూపించాను. ఆమె మంచి కన్ను మీద చెయ్యి పెట్టుకుంది, రెండోది మూసింది. నొక్కాను.

ఆమె కంటి మీది చేయి దించి, చేట పక్కకు పెట్టింది.

"గదే," అంది. "గయితే నేను మందిల నిలబడి దేవుని పేరు మీద అబద్ధం చెప్పిన్నా?"

ఆ అరుగు మీద నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె సిగ్గుపడుతోంది. పడవలసినది నేను.

"మీరు చూసిందే చెప్పారు పెద్దమ్మా. అబద్ధం నాది."

"నాకొక్కదానికి చెప్తె ఎట్ల? నేను అందరి ముంగట చెప్పిన. నువ్వు గూడ అందరి ముంగట చెప్పు. నువ్వు చెప్పు, నేను దవాఖానకు పోత."

తర్వాతి ఆదివారం లేచి చెప్పాను. వెనక నుంచి ఒక పెద్దాయన, "గయితే మనం హల్లెలూయ అన్నది ఫ్లాష్‌కా?" అన్నాడు. నవ్వులు. అయ్యగారు మాత్రం నవ్వలేదు. పిల్లలు నన్నే చూస్తున్నారు. ప్రార్థనలో కళ్లు తెరిచింది టీచరే అని వాళ్లకిక తెలిసిపోయింది.

పెద్దమ్మ మాట నిలబెట్టుకుంది. కొన్ని వారాలకు నల్ల కళ్లద్దాలతో మందిరానికి వచ్చి, నా పక్కనే చాప వేసుకుంది.

"ఏది, గా పురుగును చూపియ్యి."

అప్పటిదాకా తెరవని ఫొటో ఆమె కోసం తెరిచాను. కంది ఆకు ఈనెలతో సహా చక్కగా ఉంది. దాని మధ్యలో పురుగు ఉండాల్సిన చోట తెల్లటి మరక. వీపు లేదు, చుక్కలు లేవు, తల లేదు.

ఆమె అద్దాలు తీసింది. తెర దగ్గరికి లాక్కుంది, దూరం పెట్టింది. మంచి కన్ను మూసి కొత్త కంటితో చూసింది. ముఖంలో భయం కనిపించింది.

"ఆకు కానొస్తున్నది బిడ్డా. పురుగు కానొస్తలేదు. ఆపరేషన్ సక్కగ కాలేదా ఏంది?"

"మీ కన్ను బాగుంది పెద్దమ్మా," అన్నాను. "ఫొటోలోనే పురుగు లేదు."