తారురోడ్డు మీద ఆరిన విత్తనం

మొన్న తిరువళ్లూరు నుంచి తిరుత్తణికి బస్సులో వెళుతూ, మట్టమధ్యాహ్నపు ఎండలో సగం రోడ్డు ఆక్రమించి ఆరబోసిన వడ్లను చూసి ఉలిక్కిపడ్డాను. నా ముఖం చూసి పక్క సీటాయన ఆదుర్దాగా నీళ్లసీసా అందించాడు. నలభై ఏళ్లనాటి మా మేనత్త చేతులు గుర్తొచ్చాయని ఆయనకేం చెప్పను?

మా నాయన చెల్లెలు ఆమె. చిన్నవయసులోనే భర్త పోతే మా ఇంటికి తిరిగొచ్చింది. చాకిరీ అంతా ఆమెదే, విధవ చెయ్యి తగిలితే మొలవవని విత్తనపు వడ్లను మాత్రం ముట్టుకోకూడదని పెదనాయన కట్టడి. ఇలాంటి కట్టళ్లు మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. నేనప్పుడు పగుత్తరివు పేరిట జరిగే హేతువాద సభలకు తిరుగుతూ మూఢనమ్మకాలను చీల్చి చెండాడుతున్నవాణ్ని. ఆ ఏడు ఇంటిల్లిపాదితో పోట్లాడి విత్తనం అత్త చేతికే ఇప్పించాను. ఆమె మురిసిపోయి, నీడపట్టున చాపలు పరిచి, పొద్దుటెండ మాత్రమే తగలనిస్తూ, రోజూ ఒక గింజ కొరికి చూస్తూ నిదానంగా ఆరబెట్టసాగింది. నాకు అంత ఓపిక ఎక్కడిది? మబ్బు పట్టేలోగా ముగించాలని వడ్లను ఎత్తించి, కొత్తగా వేసిన తారురోడ్డు మీద పోయించాను.

"వద్దు రా అబ్బయ్యా, ఆ కాకకు గింజలో జీవం చచ్చిపోతాది."

"జీవమా! ఇంగ దయ్యం గూడా ఉండాదని చెప్పత్తా."

"నీ మీటింగు మాటలు వడ్లకు తెలవ్వు రా," అని, రెండు దోసిళ్లు మాత్రం చాప మీదే ఉంచుకుంది.

నారుపోసే వేళకు నానబెట్టి గోనెల్లో మూటగట్టిన వడ్లను మూడోనాడు విప్పితే, ఎక్కడా మొలక లేదు, పులిసిన వాసన. 

"ముండమోపి చెయ్యి పడితే ఇంతే గదా! పోయి నీ పగుత్తరివును నాటుకో పో రా మడిలో," అని పెదనాయన వాకిలి దద్దరిల్లేలా అరిచాడు.

అత్త నన్ను వంటింట్లోకి పిలిచి, తాను విడిగా నానబెట్టిన తడిగుడ్డ విప్పింది. చాప మీద ఆరిన ఆ రెండు దోసిళ్లూ తెల్లగా మొలకెత్తాయి. అదే పంట, అదే చెయ్యి. తేడా నా తారురోడ్డు. బడి ముఖం చూడని మనిషి పరీక్ష పెట్టి నిరూపించింది, ఆమె తెలివిని మూఢనమ్మకమని వెక్కిరించినవాణ్ని నేను.

ఆ గుడ్డను వాకిట్లోకి పట్టుకెళ్లి, తప్పు నాదని ఒక్క మాట అంటే చాలు. ఆ సాయంత్రమే తిరుత్తణిలో నా ఉపన్యాసం; నవ్వులపాలవుతానని జంకాను. ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి, మళ్లీ ముడి వేసేసింది. పోయేదాకా ఇక విత్తనం ముట్టలేదు.

ఇప్పుడు మా వైపు పంటలోంచి విత్తనం కట్టి ఇంట్లో దాచుకునేవాళ్లే అరుదు. కంపెనీ సంచి విప్పి, ఎవరు ఆరబెట్టారో, ఎవరి చెయ్యి తగిలిందో అడక్కుండా నానబోస్తారు. నేను వేదికలెక్కి కోరినది ఇదే గదా అని సంతోషించబోతే, అత్త మళ్లీ ముడి వేసిన ఆ తడిగుడ్డే గుర్తొస్తుంది. తప్పు నాదని చెప్పడానికి ఇన్నాళ్లకు నోరు పెగిలింది. వినవలసిన అత్తా, పెదనాయనా ఇద్దరూ లేరు.