నాయన బండికి పూల పైకప్పు

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. ఎవరైనా "నీ వల్ల కాదులే" అన్నారంటే చాలు, ఆ పని నాకు అవసరమా కాదా అని కూడా చూడకుండా కొంగు బిగించేదాన్ని. (కొంగు అనేది మాటవరసకే. అప్పట్లో నేను వేసుకునేది చుడీదార్లు.) ఇప్పుడు ఆ జబ్బు పూర్తిగా నయమైంది. ఎవరైనా నీ వల్ల కాదంటే "అవునమ్మా, కాదు" అని ఒప్పేసుకుని టీ పెట్టుకుంటున్నాను. నయమైనందుకు సంతోషించాలో బాధపడాలో మాత్రం ఇంకా తేలలేదు. ఆ జబ్బు బాగా ముదిరి ఉన్న ఒక వేసవిలో జరిగిన సంగతి ఇది.

మాది కొమరోలు దాటి ఇంకాస్త లోపలికి పోతే వచ్చే ఊరు. నాయనకు ఒక పాత పికప్పు బండి ఉండేది. ఊళ్లోవాళ్ల జీవాలను, అంటే గొర్రెలను, మేకలను, సంతలకు తీసుకుపోయేవాడు. ఇంజను గట్టిదే, బ్రేకులు మంచివే. లోపల మన తలపైన రేకుకు అతికించి ఒక గుడ్డ ఉంటుంది చూడండి, అదొక్కటే ఊడిపోయింది. మా వైపు ఎండలకు దాని వెనకున్న ఫోము పొడైపోయి పసుపులా రాలేది, గుడ్డేమో చెరువులా కిందికి దిగి నాయన నెత్తి మీద కూర్చునేది. నాయన ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ రెండో చేత్తో దాన్ని పైకి ఎత్తిపట్టుకునేవాడు. ఎదురొచ్చే లారీలవాళ్లు తమకే చెయ్యెత్తాడనుకుని వాళ్లూ చెయ్యెత్తేవాళ్లు. గిద్దలూరు రోడ్డు మీద ఆ రోజుల్లో మా నాయనకున్న పలుకుబడి ఎమ్మెల్యేలకు కూడా లేదు. గేరు మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం చెయ్యి దించక తప్పేది కాదు, గుడ్డ వచ్చి కళ్లకు అడ్డం పడేది. అమ్మ చీర పిన్నీసులు నాలుగు గుచ్చి చూశాడు. గుంతలో పడ్డప్పుడు అవి ఒక్కొక్కటే రాలి మెడ వెనక నుంచి చొక్కాలోకి పోయేవి.

ఇక నా సంగతి. ఇంటరు అయ్యాక గిద్దలూరులో ఆరు నెలలు కుట్టు నేర్చుకున్నాను. నేర్పిన ఆవిడను అందరం మిషనక్క అనేవాళ్లం. ఆమెకు పెళ్లి కుదిరి దుకాణం రూము ఖాళీ చేయబోతూ, "నా రూము నువ్వు తీసుకో, నెలాఖరు దాకా ఎవురికీ ఇయ్యకుండా ఆపుతా" అంది. నా మనసంతా ఆ రూములోనే ఉంది. కానీ నాయన ససేమిరా అన్నాడు. ఆయన దగ్గర గట్టి సాక్ష్యం ఉంది మరి. అంతకు నెలముందే మా అత్తకు, అంటే నాయన చెల్లెలికి, రైక కుట్టి ఇచ్చాను. కుడి చెయ్యి ఎడమకు, ఎడమ చెయ్యి కుడికి వేసి కుట్టాను. ఆమె అది తొడుక్కుని పెళ్లికి పోయి, అక్షింతలు వేయడానికి చెయ్యి పైకి లేవక పెళ్లికూతురి మోకాళ్ల మీద వేసి వచ్చింది.

"మీ అత్త చెయ్యే పైకి లేపలేకపోయినావు, నువ్వు దుకాణం పెడతావా? నీ వల్ల కాదులే పాపా" అన్నాడు నాయన. నేను వదలకుండా రెండు రోజులు తిండి మానేసి (మధ్యాహ్నం అవ్వ దాచిపెట్టిన సజ్జరొట్టె లెక్కలోకి రాదు) మూతి ముడుచుకుని కూర్చునేసరికి ఆయన విసిగిపోయి, అప్పుడే బండి దిగి తలలో పసుపు పొడి దులుపుకుంటూ, "సరే, ఈ బండిలో గుడ్డ కుట్టు ముందు. కొమరోలు నుంచి గిద్దలూరు దాకా నా నెత్తిన పడకుండా ఉందంటే, ఆ రూము సంగతి నేనే మాట్లాడతా" అన్నాడు. వేళాకోళానికే అన్నాడని నాకూ తెలుసు. కానీ మాట మాటే. నెలాఖరుకు ఇంకా ఇరవై రోజులుంది.

మొదట మైదాపిండి ఉడికించి లై చేశాను. గోడలకు సినిమా పోస్టర్లు ఏళ్ల తరబడి నిలుస్తున్నప్పుడు రేకుకు గుడ్డ ఎందుకు నిలవదు అనేది నా లెక్క. నిజంగానే నిలిచింది. మర్నాడు నాయన ఒక బాలింత మేకను, దాని పిల్లను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. (వెనక మందలో తొక్కుడు పడుతుందని బాలింతలకు ఎప్పుడూ ముందు సీటే. మనుషులకు కూడా అంత మర్యాద ఉండేది కాదు.) కొమరోల్లో టీకి దిగి తిరిగి వచ్చేసరికి ఆ మేక సీటు మీద నిలబడి పైకప్పును సగం మేసేసింది. గోడ మీద పోస్టర్లను మేకలు ఎందుకు పీకి తింటాయో, మేకల ఇంట్లో పుట్టి పెరిగిన నాకు ఆ రోజుదాకా తట్టలేదు.

మిగిలిన గుడ్డకు అతుకు వేసి, ఈసారి గిద్దలూరులో బండ్లకు సీట్లు కుట్టే సాయిబు దగ్గరికి పోయాను. సీట్ల మామ అనేవాళ్లం. "బండి రెండు రోజులు ఇడిచిపెట్టమను బేటీ, నేనే చేస్తా" అన్నాడాయన. సంతల రోజుల్లో నాయన బండి రెండు గంటలు కూడా వదలడని, పైగా ఇది నేనే చేయాల్సిన పనని చెప్పాను. ఆయన నవ్వి ఒక డబ్బా బంక ఇచ్చి, పాత ఫోము మొత్తం గీకెయ్యాలని, రేకుకూ గుడ్డకూ రెండింటికీ పూసి ఆరనివ్వాలని, ఆరాకే అతికించాలని చెప్పాడు. నేను శ్రద్ధగా విన్నాను. పగిలిన పలక ముక్కతో రేకంతా గీకాను. బంక పూశాను. అయితే బంక ఆరాక అతకడమేంది, తడిగా ఉంటేనే గదా ఏదైనా అతుక్కునేది అని నా తెలివి నాకు చెప్పింది. పూసిన వెంటనే గుడ్డ వేసి చేత్తో రుద్దేశాను. ఎంత అందంగా వచ్చిందో! అమ్మను పిలిచి చూపించాను, అవ్వను పిలిచి చూపించాను, ముక్కు మూసుకుని ఇద్దరూ మెచ్చుకున్నారు.

మర్నాడు నడిపొద్దున బండిని ఎండలో పెట్టి జీవాలను ఎక్కించుకుని నాయన బయలుదేరాడు. మైలు దూరం పోకముందే ఆ గుడ్డ మొత్తం బంకతో సహా మెల్లగా దిగివచ్చి, ఆయన తలకు పాగా చుట్టుకున్నట్టు అతుక్కుపోయింది. లాగితే జుట్టుతో వస్తుంది, లాగకపోతే రోడ్డు కనపడదు. గుడ్డకు కళ్లదగ్గర చిల్లి పెట్టుకుని ఎలాగో ఇంటికి వచ్చాడు. అవ్వ గొర్రెల బొచ్చు తీసే కత్తెర తెచ్చి, కొడుకును అరుగు మీద కూర్చోబెట్టుకుని, "కదలొద్దురా, గొర్రెలే నయం" అని కసురుతూ గుడ్డను జుట్టుతో సహా కత్తిరించింది. మిగిలింది మంగలి తీసేశాడు. నున్నటి గుండుతో నాయన వీధిలోకి వస్తే ఎదురింటాయన అడిగాడు.

"ఏ దేవుడికిచ్చినావు మామా?"

"నా కూతురికి" అన్నాడు నాయన.

వీధంతా నవ్వింది. నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదాయన. తిట్టి ఉంటే బాగుండేది. వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను, రూము పోయినందుకు కాదు, ఆ గుండు చూసి. ఏడ్చి ఏడ్చి ముక్కు తుడుచుకున్నాక మాత్రం ఇంకా ఎనిమిది రోజులుందని గుర్తొచ్చింది. (జబ్బు అని ఊరికే అనలేదు.)

ఆ సాయంత్రం దండెం మీద బట్టలు తీస్తుంటే అవ్వ లంగా ఒకటి విచిత్రంగా కనిపించింది. మిగతావన్నీ జారిపోయి వేలాడుతుంటే దాని నడుము మాత్రం బిర్రుగా నిలబడి ఉంది. తడిమి చూస్తే, నాడా దూర్చడానికి అవ్వ వాడిన చీపురుపుల్ల ఆ మడతలోనే ఉండిపోయింది. దండెం దగ్గరే నిలబడిపోయాను. బంక ఎందుకు? గుడ్డకు అడ్డంగా నాలుగు చోట్ల నాడా మడతలు కుట్టి, వాటిలో నాడాకు బదులు వెదురు బద్దలు దూర్చి, విల్లులా పైకి వంచి, రెండు కొసలను తలుపుల పైనున్న రబ్బరు పట్టీలో బిగిస్తే? బద్ద తిన్నగా కావాలని చూస్తుంది, కాలేక రేకును తన్నిపెట్టి ఉంటుంది, గుడ్డ ఎక్కడికి పోతుంది? గంపలు అల్లే ముసలాయన దగ్గర సన్నటి బద్దలు తెచ్చి నానబెట్టాను. బండి లోపల కొలతలు రైకకు తీసినట్టు మూడుసార్లు తీశాను. పాత గుడ్డ నాయన జుట్టుతో పాటే పోయింది కాబట్టి కొత్త గుడ్డ కావాలి. అమ్మ నైటీ కోసం తెచ్చుకున్న గుడ్డ తప్ప ఇంట్లో ఇంకేమీ లేదు. నీలం మీద జానెడేసి ఎర్ర గులాబీలు. అమ్మ తానే పెట్టె తెరిచి తీసి ఇచ్చేసింది. తడిపి ఆరేసి, ఇస్త్రీ చేసి, మిషను మీద కూర్చున్నాను. రెండు మడతలు వంకర వచ్చాయి, విప్పి మళ్లీ కుట్టాను. వేళ్లలో వెదురు పేళ్లు గుచ్చుకున్నాయి. ఆరో రోజుకు బండికి పైకప్పు లేచింది. తట్టి చూస్తే డప్పులా మోగింది.

నాయన తలకు తువ్వాలు గట్టిగా చుట్టుకుని బండి ఎక్కాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు. గులాబీలను ఒకసారి చూశాడు. "బండికి నైటీ తొడిగినావు" అని మాత్రం అన్నాడు. కొమరోలు దాటాక మొదలైంది పరీక్ష. రోడ్డు మీద ఎన్ని గుంతలున్నాయో అన్నింట్లోనూ వేశాడు, లేనిచోట రోడ్డు దించి మట్టిలో తోలాడు. వెనక జీవాలు మొత్తుకుంటున్నాయి. నేను రోడ్డు చూడలేదు, పైకే చూస్తూ తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను. ఒక్కో గుంత దాటినప్పుడల్లా రూములో నా మిషను ఎక్కడ వేసుకోవాలో అనుకుంటూ వచ్చాను. కిటికీ దగ్గరా, గుమ్మం దగ్గరా?

గిద్దలూరు ఇంకో నాలుగు మైళ్లుందనగా టక్కుమని చప్పుడైంది. నాయన వైపు బద్ద ఒకటి రబ్బరు పట్టీలోంచి బయటికి వచ్చేసింది. గులాబీలు జారడం మొదలుపెట్టాయి. అంతా అయిపోయింది అనుకున్నాను.

నాయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. పాత అలవాటు ప్రకారం చెయ్యి పైకెత్తి, ఆ గుడ్డను అరచేత్తో రేకుకు నొక్కిపెట్టాడు. అట్లాగే తోలాడు. గేరు మార్చకుండా, ఆ ఒక్క గేరులోనే బండిని ఈడ్చుకుంటూ నాలుగు మైళ్లూ పోయాడు. ఎదురొచ్చే లారీలవాళ్లు చెయ్యెత్తుతూనే ఉన్నారు. గిద్దలూరులో మిషనక్క దుకాణం ముందు ఆపాడు.

"జారింది నాయనా" అన్నాను. అబద్ధమాడి గెలవడం నా జబ్బుకు సరిపడదు.

"నా నెత్తిన పడిందా?"

"పడలేదు."

"నేను చెప్పింది అదే గదా. దిగు" అని, తాను ముందు దిగి, తువ్వాలు సర్దుకుంటూ లోపలికి పోయి, "ఏమ్మా, ఆ రూము ఇంకా ఎవురికీ ఇయ్యలేదు గదా?" అని అడిగాడు.

ఆ తర్వాత ఆ బద్ద కొస రెండంగుళాలు పొడుగ్గా వేసి సరిచేశాను. ఇంకెప్పుడూ జారలేదు. సంతల్లో మా బండికి నైటీ బండి అని పేరు పడింది, నాయన పట్టించుకోలేదు. ఏళ్ల తర్వాత బండి అమ్మినప్పుడు కొన్నాయన ఆ పూలేందని నవ్వితే, నాయన గుడ్డనూ బద్దలనూ జాగ్రత్తగా ఊడదీసి చుట్టచుట్టి తెచ్చాడు. నా దుకాణానికి పైన రేకులు కదా, ఎండ దిగకుండా మిషను పైన తానే కట్టి పోయాడు. పదిహేనేళ్ల కింద కుట్టిన మడతలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఇప్పుడు ఎవరైనా జాకెట్టు అంచుకు కొత్త డిజైను అడిగితేనే "నా వల్ల కాదమ్మా" అనేస్తాను. వేళ్లలో పేళ్లు తీసుకుంటూ బండి పైకప్పు కుట్టిన ఆ మొండిపిల్ల ఎక్కడికి పోయిందో అని అప్పుడప్పుడు పైకి చూస్తుంటాను. నడిమి బద్ద ఒకటి ఈ మధ్య కాస్త వదులైంది, బిగించాలి. నాయన వారానికోసారి వస్తాడు. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చునే ముందు తలెత్తి ఆ గులాబీలను ఒకసారి చూస్తాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి తలకు చుట్టుకుంటాడు.