సామేలన్న పెట్టిన ఎర్ర చుక్క

ఇది ఈరోజే రాయాలి. ఆదివారం నంద్యాలలో సామేలన్న జ్ఞాపకార్థ కూడిక. ఆయన గురించి నేను ఈ వాట్సాప్ గ్రూపులో పెట్టిన మాట అబద్ధమని అంతకు ముందే మీ అందరికీ తెలియాలి.

నిన్న పొద్దున మెసేజ్ చూశాను. "కంప్యూటర్ల సామేలన్న లేడు. గుండెపోటు."



అది చూసిన వెంటనే నాకు వచ్చిన ఆలోచన ఏమిటో కూడా చెప్పాలి. షాపు మూసేసి పోవడానికి ఇదొక నాటకమేమో అనుకున్నాను.

చావును కూడా అనుమానించాను.

నన్ను ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆళ్లగడ్డలో శిల్పాల షెడ్లకు కంప్యూటర్‌లో డ్రాయింగులు వేస్తాను. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని. నాయన గొర్రెలు కాస్తాడు. ఒకప్పుడు ఏం రాసుందో తెలియని కాగితం మీద వేలిముద్ర వేసి ఉన్న కాస్త పొలం పోగొట్టుకున్నాడు. అందుకే నన్ను చదివించాడు. ఎవరినీ నమ్మొద్దని కూడా నేర్పించాడు.

డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కావాలంది. అది వేసుకుంటే స్క్రీన్ మీద విగ్రహం ముఖం ముక్కలు ముక్కలుగా కనబడింది. రెండో రోజు స్క్రీనే నల్లబడింది. షెడ్డువాళ్ళు డ్రాయింగ్ కోసం ఒకటే ఫోన్లు.

సీపీయూ పెట్టెను దుప్పట్లో చుట్టి నంద్యాలలో సామేలన్న రిపేరు షాపుకు తీసుకుపోదామని బయల్దేరుతుంటే నాయన ఆపాడు.

"మందను ఒకరికి అప్పజెప్పేటప్పుడు ప్రతి గొర్రెకూ గురుతు పెడతాం. నువ్వూ పెట్టుకో పాపా."

మూత తీసి లోపలి పార్టులన్నిటికీ ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టాను. గ్రాఫిక్స్ కార్డుకైతే వెనక నుంచి కనబడే రేకు మీద ఇంకొక చుక్క.

బస్సులో దాన్ని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.

సామేలన్న మూత తీసి చూసి పకపకా నవ్వాడు. "ఏంది పాపా ఇది, గొర్రెలకు పెట్టినట్టు పెట్టినావు? నేనేమన్నా తోడేలు మాదిరి కనపడతాండానా?"

నేను నవ్వలేదు. "జాగ్రత్త కోసం అన్నా."

"మంచిదేలే. నాకూ నిమ్మళం. ఇదో, ఈ కార్డు ముసలిదైపోయింది. కొత్త ఓఎస్‌కు దీని డ్రైవర్ దొరకదు. వేరేది వేయాల."

"వెయ్యన్నా. కానీ పాతది నాకు ఇచ్చేయాల."

దానితో ఇంక పని లేదని నాకూ తెలుసు. కానీ నాయన పొట్టేలును అమ్మి కొనిచ్చిన కార్డు అది.

నాలుగు రోజుల తర్వాత పోతే ఆయన షాపులో లేడు. భార్య మార్తక్క పెట్టె ఇచ్చింది. పాత కార్డు విడిగా ఏమీ ఇవ్వలేదు. ఇంటికొచ్చి పెట్టె వెనక్కి తిప్పి చూశాను. రేకు మీద నా చుక్క లేదు. అంటే కార్డు మార్చాడు, పాతది ఉంచేసుకున్నాడు. ఫోన్ చేశాను.

"నా పాత కార్డు యాడన్నా?"

"నీ పెట్టెలోనే ఉండాది పాపా. తెరిచి చూడు."

అబద్ధం దొరికిందనుకున్నాను. పైగా తెరవమనడమే ఒక ఎత్తు అనిపించింది. నేను మూత తీస్తే, నువ్వే తీసి దాచుకుని నన్నంటావా అంటాడు.

అందుకని తెరవలేదు. మూత మీద కాగితం అంటించి, సగం కాగితం మీద, సగం రేకు మీద పడేలా సంతకం చేశాను. ఫొటో తీసి పెట్టుకున్నాను. సాక్ష్యం చెడకూడదు కదా.

మిషన్ చక్కగా నడిచింది. విగ్రహాల ముఖాలు ఎంత బాగా కనబడేవో. అది కూడా నాకు అనుమానమే.

తర్వాత ఇక్కడ రాశాను: "నంద్యాల సామేలన్న షాపులో పార్టులు కొట్టేస్తారు. జాగ్రత్త."

మీలో చాలామంది థాంక్స్ చెప్పారు. కొందరు ఆయన దగ్గర ఇచ్చిన మిషన్లు వెనక్కి తెచ్చుకున్నారు.

ఆ తర్వాత ఆయనే ఒకసారి ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు.

"తెరిచినావా పాపా?"

"యాడ తెరవాల్నో ఆడ తెరుస్తాలే అన్నా."

పోలీస్ స్టేషన్ అని నా ఉద్దేశం. ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. ఫోన్ పెట్టేసి, నంబర్ బ్లాక్ చేశాను.

నిన్న నమ్మకం కుదరక షాపుకు ఫోన్ చేశాను. మార్తక్క ఎత్తింది. వెనక ఎవరో ప్రార్థన చేస్తున్నారు. ఏడుస్తూనే అడిగింది.

"చుక్కల పాపవేనా? పెట్టె తెరిచినావా మ్మా? ఆయప్ప అంటానే ఉండె, ఆ పాప ఇంకా తెరిచినట్టు లేదే అని."

అప్పుడైనా నమ్మానా? లేదు. నాయన చేతికి ఫోన్ ఇచ్చి, వీడియో తీయమని చెప్పి, అప్పుడు సీల్ కోశాను.

హార్డ్ డిస్క్ పెట్టే ఖాళీ అరలో నా పాత కార్డు ఉంది. బబుల్ కవర్‌లో చుట్టి, బస్సు కుదుపులకు కదలకుండా దారంతో కట్టాడు. రేకు మీద చుక్క చెరగలేదు. కవర్‌కు అంటించిన చీటీ మీద పెన్నుతో రాసి ఉంది.

"ముసలి గొర్రె భద్రం."

కొత్త కార్డు మీద, ఫ్యాన్ పక్కన, ఎర్ర స్కెచ్ పెన్‌తో ఒక చుక్క.

దాన్ని కూడా నా మందలో కలిపాడు.

వీడియోలో ఆ తర్వాత నేల మాత్రమే కనబడుతుంది. నాయన ఫోన్ దించేశాడు. ఆయన మాట ఒక్కటి వినబడుతుంది.

"నాకు చదువు లేక మోసపోయినా. నువ్వు చదివి కూడా చీటీ చూడకపోతివి కదా పాపా."

ఆ వీడియో కింద పెడుతున్నాను. సాక్ష్యం కోసం తీసింది, సాక్ష్యంగానే ఉండనీ.

సామేలన్నా, పెట్టె తెరిచినా. నువ్వు ఆ ప్రభువు దగ్గర నిమ్మళంగా ఉండు.

మీ అందరికీ ఒక మనవి. షాపు తానే నడుపుకుంటానని మార్తక్క అంటోంది. నా పాత మెసేజ్‌ను ఎవరెవరికి ఫార్వర్డ్ చేశారో, వాళ్ళందరికీ ఇది కూడా పంపండి. పంపినవాళ్ళు శనివారం సాయంత్రంలోగా కింద "పంపాను" అని రాయండి. ఆదివారం నేను మార్తక్క ముందు నిలబడాలి.