గుడ్డ కట్టిన బిందె

మా పెద్దమ్మ చనిపోయిందని పొద్దున్నే ఊరి నుంచి ఫోన్ వచ్చింది. హనుమకొండలో బస్సెక్కి నర్సంపేట దాకా కిటికీ పక్కనే కూర్చున్నాను గానీ, దారిలో ఏం చూశానో చెప్పలేను. నన్ను "బిడ్డా" అని పిలిచే మనిషి ఇక లేదు.

నాన్నది డోర్నకల్‌లో రైల్వే పని. అమ్మ మంచాన పడడంతో నన్ను చిన్నప్పుడే పెద్దమ్మ దగ్గర వదిలారు. ఆమెకు పిల్లలు లేరు. పెద్దనాన్న అప్పటికే పోయాడు. ఆ ఇంట్లో మేమిద్దరం, రెండు బిందెలు.

నేను బడిలో చేరిన ఏడు ఎవరో వచ్చి మా బోరింగు నీళ్లు సీసాలో పట్టుకుపోయారు. మళ్లీ వచ్చి, ఫ్లోరైడ్ ఎక్కువుంది తాగొద్దని చెప్పి, బోరింగుకు ఎర్ర రంగు పూసి వెళ్లారు. మరి ఏ నీళ్లు తాగాలో మాత్రం చెప్పలేదు. మంచినీళ్ల బావి ఊరవతల, చేన్లు దాటి ఉండేది. కూలికి పోయేలోగా పెద్దమ్మ అక్కడి నుంచి ఒక్క బిందె తేగలిగేది. దాని మెడకు పాత చీర పీలిక కట్టింది. అది నాది. గుడ్డ లేని బిందెలో బోరింగు నీళ్లు. అవి ఆమెవి.

"నువ్వు గూడ ఇవే తాగరాదు పెద్దమ్మా" అంటే నవ్వేది.

"ఎదిగే బొక్కలకే పడ్తదట బిడ్డా. నావి ఎప్పుడో ఎదిగినయ్. నాకేం ఫికర్ లేదు."

ఎదిగే ఎముకలకే చేటని ఊళ్లో పెద్దవాళ్లంతా నమ్మారు. గోధుమరంగు చారలు పిల్లల పళ్ల మీదే కనబడుతుంటే, రోగం పిల్లలదే అనుకున్నారు. పెద్దమ్మ మోకాళ్లు బిగుసుకుంటే వాతమన్నారు. నడుము వంగిపోయి ఇక నిటారు కాకపోయాక, దవాఖానలో డాక్టరు చెబితే తెలిసింది, అంతా ఆ నీళ్ల పనేనని. ఆ రోజు నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఇప్పటికీ కొంచెం ఉంది.

అప్పటి నుంచి ఆమె మనుషుల్ని కాళ్లను బట్టి గుర్తుపట్టేది. నేను వాకిట్లోకి రాగానే "చెప్పులు మార్చినవా బిడ్డా?" అనేది. "జర కింద కూసో, నీ మొకం సూడాలె." కూర్చుంటే గడ్డం పట్టుకుని, "ఏదీ, నవ్వు" అనేది. తెల్లగా ఉన్న నా పళ్లు చూసి మురిసిపోయేది. చర్చిలో పెళ్లిళ్లకు వెళ్లినా పక్కవాళ్లకు చూపించేది. నాకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

తర్వాత ఇంటింటికీ నల్లా వచ్చింది. ఇంక అన్నీ ఒకే నీళ్లు కదా అంటే వినలేదు. "నీ బిందె నీదే" అని కొత్త పీలిక కట్టింది.

నేను వెళ్లేసరికి ఆమెను పెట్టెలో ఉంచారు. వెల్లకిలా పడుకోబెడితే నడుము సాగక మూత పడలేదట. పక్కకు తిప్పి, నిద్రపోతున్నట్టు పడుకోబెట్టారు. ప్రార్థనలో అందరూ నిలబడితే నేను పెట్టె పక్కన నేల మీద కూర్చున్నాను.

మట్టి చేసి వచ్చాక ఎవరిళ్లకు వాళ్లు పోయారు. వంటింట్లో గుడ్డ లేని బిందె ఖాళీగా ఉంది. గుడ్డ కట్టింది నిండుగా ఉంది.

"ఆదివారం నువ్వొస్తవని నిన్న మాపున నింపింది" అంది పక్కింటి అత్త. "నేను పోస్తనంటె ఇనలే. బకెట్ల నుంచి చెంబుతోని ముంచి ముంచి పోసింది."

అత్త కూడా వెళ్లిపోయింది. గ్లాసు ముంచుకుని, పెద్దమ్మ కూర్చునే చోటికి ఎదురుగా నేల మీద కూర్చుని తాగాను. గుమ్మం బయట నా చెప్పులు కనబడుతున్నాయి. కొత్తవి. ఎవరూ అడగలేదు.